ఎనిమిదో కమాను కింద

ఏప్రిల్ 9, బుధవారం

ప్రియమైన వసంతకు,

మన ప్రభువు కృప నీకూ, షారన్‌కూ, అల్లుడు జూడ్‌కూ, అయిదు వారాల వయసున్న మన మనవరాలు నవోమికీ తోడుండుగాక. ఇక్కడ నేను కులాసా. అక్కడ అల్ఫారెట్టాలో మీ నలుగురూ క్షేమమనీ, నలుగురిలో కనీసం పాపైనా నిద్రపోతోందనీ తలుస్తాను.

నీ ఉత్తరం సోమవారం అందింది. నాలుగు పేజీలు, ఆరు ప్రశ్నలు, ప్రతి ప్రశ్నకూ నంబరు. ముప్పై ఏళ్లు నర్సు ఉద్యోగం చేసిన చెయ్యి, మొగుడికి రాసినా పేషెంటు చార్టులాగే వస్తుంది. తప్పు పట్టడం లేదు. నంబర్లు ఉంటే నాకూ జవాబు రాయడం తేలిక.

బీపీ మాత్రలు వేసుకుంటున్నాను. నువ్వు కొనిచ్చిన ఏడు గదుల డబ్బాలో ఆదివారం గది మాత్రం అప్పుడప్పుడూ సోమవారం దాకా నిండుగానే ఉంటోంది, చర్చి హడావుడి వల్ల. హీటర్ ఫిల్టరు మార్చాను. లూథరన్ చర్చి వాళ్ల హాలు తాళంచెవి వాళ్ల ఆఫీసులో ఇచ్చేశాను. ఇచ్చినట్టు అక్కడి ఆవిడ చేత సంతకం కూడా పెట్టించుకున్నాను, నువ్వు అడుగుతావని తెలుసు. ఇక వంట. నువ్వు ఫ్రీజర్‌లో పెట్టి వెళ్లిన గోంగూర మటన్ డబ్బాలు పన్నెండింటిలో రెండు మిగిలాయి. ఈస్టరు ముందు శ్రమల కాలంలో మాంసం వండనన్నారుగా అని నిలదీయకు. వండనన్నాను, వేడి చేసుకోనని అనలేదు.

నీ నాలుగో ప్రశ్న: "ఫోన్ చేస్తే అన్నిటికీ ఊఁ, సరే అని రెండు నిమిషాల్లో పెట్టేస్తున్నారు. షారన్ డాడీ, నా మీద కోపమా?" కోపం కాదు. దానికి జవాబు చివర్లో ఉంది. నువ్వు ముందే ఆఖరి పేజీ తిప్పి చూసే మనిషివి. ఈ ఒక్కసారికి వరుసగా చదువు.

ఆరో ప్రశ్న ఈస్టరు గురించి అడిగావు. సూర్యోదయ ఆరాధన వయాడక్టు మీదే కదా, ఎనిమిదో కమాను కింద టిఫిన్ టేబుళ్లు ఎన్ని పడతాయో కొలిచారా అని. వసంతా, ఈస్టరు అక్కడ జరగదు. కంగారు పడకు, ఎవరికీ ఏమీ కాలేదు. ఎందుకు జరగదో చెప్పాలంటే మాత్రం మొదటినుంచీ చెప్పాలి. నువ్వెలాగూ ఉయ్యాల పక్కన కూర్చుని గట్టిగా చదువుతావు కాబట్టి, ఆ వంతెన చూడని అల్లుడికి కూడా అర్థమయ్యేట్టు రాస్తాను.

బాబూ జూడ్, మా ఊరి పక్క లోయలో టానరీ క్రీక్ అని ఒక చిన్న ఏరుంది. దాని మీద 1886లో రైలు కోసం రాతి వంతెన కట్టారు. పదకొండు కమానులు, నడిమివి తొంభై అడుగుల ఎత్తు. విక్టోరియన్ వయాడక్టు అని బోర్డు పెట్టారు. ఆ రాణిగారికీ పెన్సిల్వేనియాకూ సంబంధం ఏమిటని మా బాస్ డోనాని అడిగితే "స్టైల్" అంది. బొగ్గు రైళ్లు ఆగిపోయి యాభై ఏళ్లు దాటింది. పట్టాలు పీకేశారు, పైన చెట్లు మొలిచాయి. మూడేళ్ల కింద కౌంటీ వాళ్లకు దాన్ని నడకదారి చేయాలని బుద్ధి పుట్టింది. చెట్లు కొట్టి, వాన నీరు రాళ్లలోకి దిగకుండా పొర వేసి, పైన చదును చేసి, రెండు పక్కలా రెయిలింగ్ పెట్టారు.

చాలా బాగా వచ్చింది. మార్చిలో ఒక సాయంత్రం ఈ చివరినుంచి ఆ చివరికి ఆగి ఆగి చూసుకుంటూ నడిచాను, పదమూడు నిమిషాలు పట్టింది. కింద ఏటి గట్టున జింకలు మేకపిల్లలంత కనిపించాయి. ఎక్కడా మెట్టు లేదు. పాపను బండిలో పెట్టుకుని తోసుకుంటూ వెళ్లొచ్చు. ఒకప్పుడు మనుషులు నడిస్తే ఫైను వేసే వంతెన మీద మనుషులు నడవడానికే ఇంత సోకు చేశారని తలచుకుంటే ముచ్చటేసింది. మా నాన్న నిడదవోలు సెక్షన్‌లో పట్టాల బిగింపులు చూసే కీమ్యాన్‌గా రోజూ ఎనిమిది మైళ్లు పట్టాల వెంట నడిచేవాడు. నడక కోసమే నడిచే మనుషులుంటారంటే నమ్మేవాడు కాదు.

కమానుల కింద కౌంటీ వాళ్లు బల్లలు వేశారు. అన్నిట్లోకి వెడల్పు, చదును ఉన్నది ఎనిమిదో కమాను కింద. బాత్రూములు కూడా దగ్గర. ఫిబ్రవరిలో నువ్వు ప్రయాణమయ్యే ముందు అక్కడ నిలబడి, "ఇక్కడ ఇడ్లీలు, అక్కడ ఉప్మా, ఈ మూడో బల్ల సండే స్కూల్ పిల్లలకి" అని చేత్తో చూపిస్తూ పాస్టరుగారికి చెప్పావు. ఆయన పేపరు మీద బొమ్మ గీసుకున్నారు. పవిత్ర శనివారం నాడు దారి తెరవడం, మర్నాడు తెల్లవారుజామున మన నూట నలభై మందీ పైన పాటలు పాడుతూ నడవడం, దిగాక కింద టిఫిన్. పదేళ్లుగా పార్కింగ్ లాట్‌లో చలికి వణుకుతూ ఈస్టరు చేసుకున్న సంఘానికి అది ఎంత సంబరమో నాకు తెలుసు.

ఆ రాళ్లు గట్టిగా ఉన్నాయని రాసిచ్చే పని నాది. పద్ధతి పాతదే. మనుషులు నిలబడే తొట్టి ఉన్న బకెట్ లిఫ్టులో పైకి వెళ్లి కమాను లోపలి వైపు ఒక్కొక్క రాయినీ సుత్తితో తట్టి వినాలి. గట్టి రాయి ఖంగుమంటుంది. లోపల పగుళ్లు వచ్చినదీ, పట్టు వదిలినదీ డొల్లగా మోగుతుంది. ఫొటోలు తీసే యంత్రాలు చాలా వచ్చినా చివరికి సుత్తీ చెవీ ఉండాల్సిందే. నీ నర్సు వీసా తోక పట్టుకుని ఈ దేశం వచ్చినవాడికి, ఇరవై నాలుగేళ్లుగా అన్నం పెట్టింది ఆ చెవే.

షారన్‌కీ జూడ్‌కీ ఇంతవరకు వినిపించు. ఇక్కడినుంచి ముందు నువ్వొక్కదానివే చదువుకో. తర్వాత వాళ్లకు చెప్పాలో వద్దో నీ ఇష్టం.

మార్చి ఇరవై, గురువారం. ఎనిమిదో కమాను. లిఫ్టులో నేనూ, అవనీ. మన అవనే, హనుమకొండ పిల్ల, మాస్టర్స్ అయిపోయి మా ఆఫీసులో ట్రైనీగా చేరి తొమ్మిది నెలలైంది. నేను కొట్టి చెబుతాను, ఆ పిల్ల టాబ్లెట్‌లో రాసుకుంటుంది. ఉదయంనుంచీ డెబ్బై రాళ్లు అయ్యాయి. ఒక దాన్ని కొట్టి, "బాగుంది, రాసుకో" అన్నాను. ఆ పిల్ల వేలు కదల్లేదు.

"అంకుల్, ఇంకోసారి కొడ్తరా?" అంది.

కొట్టాను. ఆ పిల్ల రాయి వైపు చూసింది, తర్వాత నా మొహం వైపు చూసింది.

"ఈ ఊరి ఇసుకరాయి గొంతే అంతమ్మా. ఇరవై ఏళ్లుగా వింటున్నాను. రాసుకో" అన్నాను.

"సరే అంకుల్" అని రాసుకుంది. ఆ తర్వాత ఇంకో నాలుగు చోట్ల కూడా వేలు ఆగింది. ఆగిన ప్రతిసారీ నేను గొంతు సవరించుకున్నాను. మళ్లీ కదిలింది. సోమవారం రిపోర్టు వెళ్లింది, పదకొండు కమానులూ క్షేమం అని. కింద నా సంతకం.

నిజం చెబుతున్నాను వసంతా, ఆ రోజు నాకేమీ తెలియదని అనను. ఆ పిల్ల ఆగినప్పుడల్లా నాకూ అనుమానం వచ్చింది. ఎవరైనా ఇక్కడి కుర్రాడు అయ్యుంటే "లేదు, నాకు తేడాగా వినపడింది" అని మొహం మీదే అనేవాడు, నేనూ పోట్లాడి మళ్లీ కొట్టేవాణ్ణి. ఇది ఆదివారం మనింట్లో భోంచేసే పిల్ల. నన్ను అంకుల్ అంటుంది. పెద్దవాళ్ల మాటకు ఎదురు చెప్పకూడదని పెంచిన పిల్ల. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసే "అమ్మా" అన్నాను. ఎదిరించలేని పిలుపు అది.

పది రోజులు గడిచాయి. ఆదివారం చర్చి తర్వాత అవని ఎప్పటిలాగే భోజనానికి వచ్చింది. పాత మైక్రోవేవ్ పాడైందని కొత్తది కొన్నానని నీకు రాశాను కదా. కూర అందులో పెట్టి, అప్పడాలు వేయిస్తూ నిలబడ్డాను.

"అంకుల్, అది ఎప్పుడో ఐపోయింది. మస్తు సేపట్నుంచి కొడుతనే ఉంది" అంది అవని.

"ఏది?" అన్నాను.

"మైక్రోవేవ్ అంకుల్. బీప్ బీప్ అని."

వసంతా, పాతది మోగడం మానేసిందనే నేను కొత్తది కొన్నాను. కొత్తది తెచ్చాక అదీ మోగకపోతే, ఈ రోజుల్లో అన్నీ ఇలాగే నాసిగా తయారుచేస్తున్నారని తిట్టుకున్నాను. స్టవ్ ఆపేసి ఆ పిల్ల ఎదురుగా కూర్చున్నాను. తను కంచంలోకి చూస్తోంది.

"ఆ రోజు ఎనిమిదో కమాను దగ్గర ఎందుకాగావు?" అన్నాను.

"అయిదు రాళ్లు వేరేగ మోగినయ్ అంకుల్" అంది. "మీరు బాగుంది అన్నరు. మీకన్న నాకెక్కువ తెలుస్తదా అని ఊకున్న. మా డాడీ ముందట గూడ గిట్లనే ఊకుంట. ఇంటికొచ్చినంక నిద్ర పట్టలే. వాట్సాప్‌ల మెసేజ్ టైప్ చేసి చేసి డిలీట్ చేసిన."

మూడు నెలల్లో ఆ పిల్ల వీసా కాగితాలకు ఆఫీసు ఉత్తరం కావాలి. అది నా మాట మీద కూడా ఆధారపడి ఉంది. ఆ భయమూ ఉండి ఉంటుంది. తను అనలేదు, నేనూ అడగలేదు.

మర్నాడు సోమవారం ఆఫీసు అయ్యాక చెవులు చూపించుకున్నాను. మనం బియ్యం మూటలు కొనే పెద్ద స్టోర్‌లో కళ్లద్దాల పక్కనే చెవుల సెక్షన్ ఉంది, ఎప్పుడైనా గమనించావా? చిన్న గదిలో కూర్చోబెట్టి, చప్పుడు వినపడినప్పుడల్లా బటన్ నొక్కమన్నారు. నేను బాగానే నొక్కుతున్నానని అనుకున్నాను. బయటికి వచ్చాక ఆ అమ్మాయి గీత గీసిన కాగితం చూపించింది. గీత సగం దాకా బల్లలాగా వెళ్లి, అక్కణ్ణుంచి గోదాట్లోకి దిగినట్టు దిగిపోయింది. మోటు చప్పుళ్లు వినపడతాయట, సన్నవి పోయాయట. రెండేళ్ల పైమాటే అయ్యుంటుంది, కొంచెం కొంచెంగా పోతుంది కాబట్టి మనిషికి తెలియదు అంది. ఖంగుమనే చప్పుడు సన్నదే కదా. రెండేళ్లుగా నాకు అన్ని రాళ్లూ ఒకేలా మోగుతున్నాయి. నా చెవి తగ్గిందనుకోలేదు, రాళ్ల గొంతు తగ్గిందనుకున్నాను.

మంగళవారం పొద్దున్నే డోనా గదిలోకి వెళ్లి ఆ కాగితం బల్ల మీద పెట్టాను. ఆ రోజు ఏప్రిల్ ఒకటో తారీఖు. ముందు నవ్వింది, ఏప్రిల్ ఫూల్ చేస్తున్నాననుకుంది. తర్వాత తలుపు వేసింది. ఎనిమిదో కమాను గురించి చెప్పాను. ట్రైనీకి తేడా వినపడింది, నేనే నోరు నొక్కాను, తప్పు పూర్తిగా నాది అని కాగితం మీద రాసి సంతకం పెట్టి ఇచ్చాను. రెండేళ్లలో నేను తట్టి చూసిన వంతెనల జాబితా కూడా నా చేత్తో రాసిచ్చాను, పద్నాలుగున్నాయి. అన్నిటినీ వేరేవాళ్లు మళ్లీ చూడాలి. డోనా అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది. "రేపు సుత్తి తెచ్చి ఆఫీసులో ఇచ్చెయ్" అని మాత్రం అంది.

నేను ఒకటి అడిగాను. ఎనిమిదో కమాను మళ్లీ చూసేటప్పుడు నన్ను లిఫ్టులో ఉండనివ్వమన్నాను, రాసుకోవడానికి. ఒప్పుకుంది. తనూ కింద నిలబడి చూస్తానంది.

గురువారం వెళ్లాం. సుత్తి అవని చేతిలో, టాబ్లెట్ నా చేతిలో. మొదటి రాయి కొట్టి నా వైపు చూసింది. రెండోది కొట్టి మళ్లీ నా వైపు చూసింది.

"నా మొహంలో ఏముందమ్మా? రాయి చెప్పింది చెప్పు" అన్నాను.

"మీరు చూస్తుంటే నాకు వస్తలేదు అంకుల్."

సరేనని లోయ వైపు తిరిగి నిలబడ్డాను. వీపు వెనక సుత్తి దెబ్బలు, నాకు అన్నీ ఒకటే. దెబ్బకూ దెబ్బకూ మధ్య ఆ పిల్ల గొంతు మాత్రం పెద్దదవుతూ వచ్చింది. "బాగుంది. బాగుంది. ఇది గూడ బాగుంది." కాసేపటికి చెయ్యి ఆగింది. ఈసారి గొంతు సవరించుకోకుండా పళ్లు బిగించుకున్నాను.

"డొల్ల" అంది. మళ్లీ కొట్టింది. "డొల్లనే అంకుల్. రాస్కోండి."

రాసుకున్నాను. మొత్తం అయిదు. నాలుగింటికి పగుళ్లలో సున్నం ఎక్కిస్తే సరిపోతుందట. అయిదోదాన్ని మేస్త్రీ వచ్చి సన్న గునపంతో ఇలా కదిపాడో లేదో, పాలపన్ను ఊడినట్టు ఊడి చేతుల్లోకి వచ్చేసింది. మన పాతిక కేజీల బియ్యం మూటంత ఉంది. వెనకాల అంతా తడి మట్టి, ఒక చెట్టు వేరు. తాళ్లతో కిందికి దించి గడ్డి మీద పెట్టారు. నేను లిఫ్టు దిగి తల ఎత్తి చూశాను. ఆ ఖాళీకి సరిగ్గా కింద ఉన్నది మూడో బల్ల. నువ్వు సండే స్కూల్ పిల్లలకని చూపించిన బల్ల.

నేను వెళ్లి కారులో కూర్చుని ఏడ్చాను. యాభై తొమ్మిదేళ్లవాణ్ణి, చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది కానీ నీ దగ్గర సిగ్గేమిటి. అవని వచ్చి పక్క సీట్లో కూర్చుంది. వాటర్ బాటిల్ మూత తీసి ఇచ్చింది.

దారి తెరవడం జూన్‌కి వాయిదా వేశారు. నన్ను పనిలోంచి తీసేస్తారో, ఆఫీసులో కూర్చోబెడతారో ఈ నెలాఖరుకు చెబుతామన్నారు. తీసేసినా నేను నోరెత్తను. అవని ఉత్తరం మీద డోనా సంతకం పెట్టేసింది, అది ఒక్కటి మనశ్శాంతి.

ఇంకా ఉంది. మొన్న ఆదివారం పాస్టరుగారు ప్రకటనల్లో, "మన బ్రదర్ దైవాశీర్వాదంగారు ముందుగానే కనిపెట్టబట్టి పెద్ద అపాయం తప్పింది. అది దేవుడిచ్చిన చెవి" అన్నారు. అందరూ హల్లెలూయా అన్నారు. వెనక వరసలోంచి ఎవరో వచ్చి నా చెయ్యి ఊపారు. నేను తల వంచుకుని కూర్చున్నాను. వినయం అనుకున్నారు. అవని మన చర్చి పిల్ల కాదు, భోజనానికే వస్తుంది కాబట్టి ఆ మాట తను వినలేదు. విని ఉంటే నేను ఆ కుర్చీలో కూర్చోలేకపోయేవాణ్ణి.

వచ్చేది మట్టల ఆదివారం. సాక్ష్యాల సమయంలో లేచి జరిగింది జరిగినట్టు చెబుతాను. నలుగురూ ఏమనుకుంటారో అనుకోనీ. పార్కింగ్ లాట్‌లో మళ్లీ ఈస్టరా అని ఇప్పటికే గొణుగుతున్నవాళ్లకు ఎవరి మీద గొణగాలో కూడా తెలుస్తుంది. అయితే నీకు చెప్పకుండా సంఘానికి చెప్పకూడదనిపించింది. ఈ ఉత్తరం శనివారానికి చేరాలని పోస్టాఫీసులో ఎక్కువ స్టాంపులు అంటిస్తున్నాను.

మొన్నటి భోజనం సంగతి చెప్పి నిన్ను కాస్త నవ్విస్తాను. తొమ్మిది నెలలుగా అవని నా వంటకు "మంచిగుంది అంకుల్" తప్ప ఇంకో మాట అనలేదు. మొన్న ఒక ముద్ద తిని, "అంకుల్, పప్పుల ఉప్పు లేదు. చారు గూడ చప్పగనే ఉంది" అంది. లేచి వెళ్లి ఉప్పు డబ్బా తెచ్చుకుంది. నేను ఎంత సంతోషించానో చెప్పలేను. నిజంగానే ఉప్పు లేదు.

ఇప్పుడు నీ నాలుగో ప్రశ్న.

చెవుల అమ్మాయి ఇంకో మాట కూడా చెప్పింది. ఇలాంటివాళ్లకు ముందు పోయేవి ఆడవాళ్ల గొంతులూ, చిన్నపిల్లల గొంతులూ అట. ఎదురుగా ఉంటే పెదాలు చూసి సగం, అలవాటు కొద్దీ సగం లాక్కొచ్చేస్తారట. ఫోన్‌లో చూసుకోవడానికి పెదాలుండవు. నీ గొంతు ఫోన్‌లో నాకు పక్కగదిలో గిన్నెలు కడిగినట్టు వినిపిస్తుంది వసంతా. మాటలు తెలియవు. అందుకే ఊఁ, సరే. అందుకే రెండు నిమిషాలు.

ఫిబ్రవరిలో నువ్వు వెళ్లేటప్పుడు, "మళ్లీ ఉత్తరాలు రాసుకుందాం, పెళ్లి కుదిరాక నువ్వు గుంటూరు నర్సింగ్ హాస్టల్‌లో ఉన్నప్పుడు రాసుకున్నట్టు" అన్నాను. నువ్వు సిగ్గుపడ్డావు. మా ఆయనకు ఈ వయసులో ఎంత ప్రేమో అని షారన్‌కి చెప్పుకున్నావట. ప్రేమ లేదని కాదు. కానీ ఆ మాట అన్నది ప్రేమతో కాదు, ఫోన్ తప్పించుకోవడానికి. మొదటి ఉత్తరం అలాగే రాశాను. నీ జవాబు వచ్చాక, నీ చేతిరాత చదువుతుంటే ప్రతి మాటా స్పష్టంగా వినపడింది. అప్పటినుంచీ పోస్టు బండి కోసం కిటికీ దగ్గర నిలబడుతున్నాను. అది నిజం.

ఆఖరిది. ఇది చెప్పడానికే పై పేజీలన్నీ రాశానేమో.

మార్చి నాలుగున పాప పుట్టగానే ఆసుపత్రినుంచి ఫోన్ చేశావు. ఫోన్ పాప నోటి దగ్గర పెట్టావు. తర్వాత "విన్నారా?" అని అడిగి ఉంటావు. నేను, "విన్నాను, అచ్చం మా అమ్మ గొంతే" అన్నాను. మా అమ్మ గొంతు నీకు తెలుసు. రైల్వే క్వార్టర్స్ గుమ్మంలో నిలబడి భోజనానికి రమ్మని పిలిస్తే లెవెల్ క్రాసింగ్ దగ్గర ఉన్న నాన్నకు వినపడేది. ఆ మాట పట్టుకుని మీరంతా మురిసిపోయారు. షారన్ నానమ్మ పేరు కలిపి పాపకు నవోమి కరుణ అని రాయించింది.

వసంతా, నాకు ఏమీ వినపడలేదు. పాప ఏడ్చిందో, ఎక్కిళ్లు పెట్టిందో, అసలు నిద్రపోతోందో నాకు తెలియదు. నువ్వు అంత ఆశగా అడుగుతుంటే లేదని ఎలా అననని నోటికొచ్చింది అనేశాను. రాయి బాగుందన్నట్టే అన్నాను. మీరూ అవనిలాగే నా మాట నమ్మి రాసేసుకున్నారు.

పేరు తీసేయమని కాదు. అమ్మ పేరు పాపకు ఉండటం నాకు చెప్పలేనంత ఇష్టం. కానీ గొంతు కలిసిందని పెట్టుకున్నారు. ఆ కలవడం నేను కల్పించింది. షారన్‌కి ఆ సంగతి చెప్పు. కోప్పడితే కోప్పడనివ్వు.

వచ్చే మంగళవారం సాయంత్రం నా చెవులకు మెషిన్లు పెడతారు. అయిదున్నరకల్లా ఇంటికొచ్చి, ఆరు గంటలకు ఫోన్ చేస్తాను. ముందు నువ్వు మాట్లాడు, ఏదైనా సరే, నన్ను తిట్టినా సరే. తర్వాత ఫోన్ పాప దగ్గర పెట్టు. నిద్రపోతుంటే లేపకు, గిల్లకు. అది లేచి ఏడ్చేదాకా నేను ఇక్కడ ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని కూర్చుంటాను, నాకు వేరే పని లేదు. మా అమ్మ గొంతులా ఉంటే ఉందంటాను. లేకపోతే లేదంటాను. అప్పుడు చెప్పింది రాసుకో.

ఇట్లు,
మంగళవారం కోసం కూర్చున్న
నీ షారన్ డాడీ,
దైవాశీర్వాదం